గట్టు అందరిదీ: గోదావరి డెల్టాలో విపత్తులూ బాధ్యతలూ

గోదావరి డెల్టా ధవళేశ్వరం దగ్గర మొదలవుతుంది. త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహించే నది ఇక్కడ గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలిపోతుంది. కిందికి వెళ్ళాక వసిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. గౌతమికి తూర్పున రామచంద్రపురం, కాకినాడల వైపు తూర్పు డెల్టా, రెండు పాయల నడుమ కోనసీమ, వసిష్ఠకు పడమర కొల్లేరు దాకా పశ్చిమ డెల్టా విస్తరించి ఉన్నాయి. నేల చదునుగా ఉంటుంది. వాలు చాలా తక్కువ. చేలలోకి నీరు రావాలన్నా, చేలలోంచి పోవాలన్నా పక్క ఊరి మీదుగానే జరగాలి.

నీటికి పొలిమేరలు లేవు. పై ఊరివాళ్ళు కాలువకు అడ్డం వేస్తే శివారు చేలు ఎండుతాయి. కింది ఊరివాళ్ళు మురుగు కాలువను ఆక్రమిస్తే పై ఊరి వరి కుళ్ళుతుంది. ఏటిగట్టుకు ఒక్కచోట గండి పడినా నీరు ఎన్నో ఊళ్ళను ముంచుతుంది. అందువల్ల ఇక్కడ ప్రతి పెద్ద విపత్తు తర్వాతా రెండు ప్రశ్నలు ముందుకు వచ్చాయి: జరిగినదానిలో ప్రకృతి పాలెంత, మనుషుల పాలెంత? ఇకమీదట ఎవరి పని ఎవరిది? నేటి ఆనకట్ట, ఏటిగట్లు, ప్రమాద హెచ్చరికలు, నీటి సంఘాలు, తుపాను షెల్టర్లు అన్నీ ఆ ప్రశ్నలకు వేర్వేరు కాలాల్లో దొరికిన జవాబులే.

ఉప్పెన, కరువు, మొదటి లెక్క

అర్ధశతాబ్దం తేడాలో కోరంగి రేవును రెండు ఉప్పెనలు ముంచాయి. 1789 డిసెంబరులో సముద్రం మూడు పెద్ద అలలుగా ఊరి మీద పడింది. సుమారు 20 వేలమంది చనిపోయారని నాటి కథనాలు చెప్పాయి. 1839 నవంబరులో వచ్చిన రెండో ఉప్పెనలో మూడు లక్షలమంది పోయారని తర్వాతి పుస్తకాలు రాశాయి. 1841లో రాజమండ్రి జిల్లా మొత్తం జనాభాయే 5,61,041 అని గుర్తుంచుకుంటే ఆ అంకెను ఉన్నదున్నట్టు తీసుకోవడం కష్టం. ఓడలు కట్టే ఊరుగా పేరు పొందిన కోరంగికి మాత్రం పూర్వవైభవం తిరిగి రాలేదు.

ఆ రెండు ఉప్పెనల మధ్యకాలం కూడా సుఖంగా గడవలేదు. 1791 ప్రాంతంలో ఒక కరువు వచ్చింది. 1832–33లో నందన నామ సంవత్సరపు కరువు వచ్చింది. జనం దాన్నే డొక్కల కరువన్నారు. దాని తీవ్రత గుంటూరు సీమలో ఎక్కువైనా రాజమండ్రి జిల్లా కూడా తప్పించుకోలేదు. అదే కాలంలో ఇంజరం, మాధవాయపాలెం వంటి చోట్ల ఈస్టిండియా కంపెనీ నడిపిన బట్టల వ్యాపారం మూతపడింది. ఇంగ్లండు మిల్లు బట్ట ముందు చేనేత నిలవలేకపోయింది. పంట లేని రైతుతోపాటు పని లేని నేతగాడూ వీధిన పడ్డాడు. 1821లో 7,38,308 ఉన్న జిల్లా జనాభా ఇరవై ఏళ్ళలో లక్షా డెబ్బైఏడు వేలు తగ్గింది. కొందరు చనిపోయారు, కొందరు ఊళ్ళు విడిచారు. ఆ దశాబ్దాల్లోనే కోరంగి రేవు నుంచి తెలుగు కూలీలు మారిషస్‌కు ఓడ ఎక్కారు. బర్మా వలసలు ఆ తర్వాత పెరిగాయి.

జిల్లా ఎందుకిలా పాడైందో తేల్చడానికి మద్రాసు ప్రభుత్వం సర్ హెన్రీ మాంట్‌గోమరీని నియమించింది. 1844లో ఆయన ఇచ్చిన నివేదిక తప్పును ఋతువుల మీదికే నెట్టెయ్యలేదు. పాలనలోని లోపాలను, నీటి వసతుల పట్ల ఏళ్ళ తరబడి సాగిన నిర్లక్ష్యాన్ని వేలెత్తి చూపింది. కరువు దైవికమని సరిపెట్టుకుంటే బాధ్యత ఎవరిదీ కాకుండా పోతుంది. నిర్లక్ష్యం వల్ల వచ్చిందని ఒప్పుకుంటే సరిదిద్దవలసిన బాధ్యత పాలకులదే అవుతుంది. ఈ ప్రాంతంలో విపత్తు తర్వాత ప్రభుత్వం తన తప్పును కాగితం మీద పెట్టిన తొలి సందర్భాల్లో ఇదొకటి.

ఆనకట్ట

కావేరి మీద పనిచేసి వచ్చిన ఇంజనీరు ఆర్థర్ కాటన్ 1844, 1845లలో రెండు నివేదికలు రాశాడు. నీటిపారుదల వల్ల తంజావూరు ఎంత బాగుపడిందో, అంతకంటే పెద్ద నది ఉండి కూడా రాజమండ్రి ఎంత చితికిపోయిందో పక్కపక్కన పెట్టి చూపాడు. ప్రజల్ని ఆదుకోవడం పాలకుల ధర్మమన్నది అతని నమ్మకం. కంపెనీ డైరెక్టర్లను ఒప్పించింది మాత్రం ఆ నమ్మకం ఒక్కటే కాదు. ఖర్చుకు మించి శిస్తు వస్తుందన్న లెక్క కూడా పనిచేసింది.

1846 చివర అనుమతి వచ్చింది, 1847లో పని మొదలైంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం భాగాలుగా నాలుగు పాయల మీద ఆనకట్ట లేచింది. రాయిని ధవళేశ్వరం కొండల నుంచే తవ్వారు. కాటన్ జబ్బుపడి సెలవు మీద వెళ్ళినప్పుడు కెప్టెన్ ఓర్ పని నడిపించాడు. కూలీలను సమకూర్చడంలోనూ పనుల పర్యవేక్షణలోనూ వీణం వీరన్న పాత్ర పెద్దది. 1852 నాటికి నిర్మాణం పూర్తయింది.

ఆనకట్ట పూర్తయినంత మాత్రాన నీరు అందరికీ అందలేదు. వైనతేయకు అవతల ఉన్న నగరం దీవికి కాలువ వెళ్ళాలంటే నది దాటాలి. అందుకోసం హేగ్ అనే ఇంజనీరు గన్నవరం దగ్గర 49 కమానులతో అక్విడక్టు కట్టాడు. చివరన ఉన్న లంకకు నీరు చేర్చడానికి నది మీద నుంచి కాలువను నడిపించిన పని అది. గోదావరికి ఉత్తరాన ఉన్న మెట్ట ఊళ్ళకు మాత్రం ఆ భాగ్యం చాలాకాలం దక్కలేదు. డెల్టాకూ మెట్టకూ మధ్య సంపదలో తేడా అక్కణ్ణుంచే పెరిగింది.

1876–78లో మద్రాసు రాష్ట్రాన్ని మహా కరువు కబళించింది. దక్షిణ భారతంలో అరకోటికి పైగా జనం చనిపోయారని అంచనా. గోదావరి డెల్టాలో మాత్రం పంట నిలిచింది. నలభై ఏళ్ళ కిందట జనం విడిచిపోయిన జిల్లా నుంచి ఇప్పుడు ధాన్యం కరువు సీమలకు వెళ్ళింది. 1878లో పార్లమెంటు కమిటీ ముందు కాటన్ వాదించిందీ ఇదే: రైళ్ళ మీద పెట్టిన డబ్బులో కొంతైనా కాలువల మీద పెట్టి ఉంటే ఇన్ని ప్రాణాలు పోయేవి కావు.

అన్నం పెట్టడం అనే పని

కాలువలు పంటనిచ్చాయి గాని ఆకలి పూర్తిగా పోలేదు. వరదకు ఇల్లు పోయినవాడికీ, రేవు దాటడానికి పడవ దొరక్క ఆగిపోయిన బాటసారికీ, పని దొరకని కూలీకీ ఆ పూట తిండి ఎవరు పెట్టాలన్నది వేరే ప్రశ్న. దానికి జవాబుగా నిలిచినవారిలో డొక్కా సీతమ్మ పేరు మొదట వస్తుంది.

మండపేటలో 1841లో పుట్టిన సీతమ్మ లంకల గన్నవరానికి చెందిన డొక్కా జోగన్నను పెళ్ళాడి ఆ ఊరికి వచ్చింది. అటూ ఇటూ పాయలు, రేవుల మీదుగా రాకపోకలు ఉన్న చోటు అది. వేళ కాని వేళలో వచ్చినవారికి కూడా ఆ ఇంట్లో అన్నం దొరికేది. కులం అడిగేవారు కాదని, ఆస్తి తరిగిపోతున్నా వడ్డన ఆపలేదని ఆమె గురించి రాసినవాళ్ళు చెప్పారు. అంతర్వేది యాత్రకు బయలుదేరి, తన ఇంటికి భోజనానికి వెళ్తున్న వాళ్ళు దారిలో ఎదురైతే యాత్ర మాని వెనక్కి తిరిగిందన్న కథ కోనసీమలో నేటికీ చెప్పుకుంటారు. ఏడో ఎడ్వర్డు పట్టాభిషేక ఉత్సవానికి పిలుపు వస్తే ఆమె వెళ్ళలేదన్నది కూడా ప్రసిద్ధమైన ముచ్చటే. 1909లో ఆమె చనిపోయింది.

ఆమె పెట్టిన అన్నం విలువ తక్కువది కాదు. అయితే ఒక ఇంటి ధర్మం మీద ఊరి భద్రత ఎల్లకాలం ఆధారపడలేదు. ఆ ఇంటి ఆస్తి కరిగితే ఆసరా కూడా కరుగుతుంది. పాత గన్నవరం అక్విడక్టు పక్కన కొత్తగా కట్టినదానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. 2024లో ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజన పథకానికీ ఆమె పేరే వచ్చింది. ఒకప్పుడు ఒక గృహిణి భుజాన వేసుకున్న పని ఈనాడు ప్రభుత్వ బాధ్యత అయిందనడానికి ఆ పేరు గుర్తు.

గట్టు కాపలా

ఆనకట్ట తర్వాత పాయల పొడవునా ఏటిగట్లు బలపడ్డాయి. గట్టు ఉన్నచోట కాపలా ఉండాలి. వరద పెరిగినప్పుడు గట్టు అడుగున ఊట కడుతుంది. ఎలుక బొరియలు, చెట్ల వేళ్ళు కుళ్ళిన సందులు నీటికి దారి ఇస్తాయి. బొటనవేలంత ధార గంటల్లో గండిగా మారగలదు. ఆ ధార కనిపించిన వెంటనే ఇసుక బస్తాలు, వరిగడ్డి, తాటి మొద్దులు, కొబ్బరి మట్టలు వేసి అడ్డుకోవాలి. అందుకే వరద రోజుల్లో ఊరివాళ్ళు వంతులు వేసుకుని రాత్రంతా లాంతర్లతో గట్టు మీద తిరిగేవారు.

ఈ ఆనవాయితీకి 1858లో చట్టం తోడైంది. మద్రాసు నిర్బంధ శ్రమ చట్టం ప్రకారం గట్లు తెగే ప్రమాదం ఉన్నప్పుడు అధికారులు ఊరి పెద్దల ద్వారా మనుషులను పిలిపించవచ్చు. కూలి ఇవ్వాలి, రానివాళ్ళకు శిక్ష ఉంటుంది. కాలువల మీద ఊరుమ్మడిగా చేసే వాడుక పనులను కూడా అదే చట్టం తప్పనిసరి చేసింది. పొరుగువాడి పొలాన్ని కాపాడటం ఇష్టానికి వదిలే విషయం కాదని దాని సారాంశం.

అయితే ఆ చట్టం పిలిచింది కూలి చేసుకునే వర్గాల మగవాళ్ళనే. గట్టు నిలిస్తే ఎక్కువ లాభం భూమి ఉన్నవాడిది. చీకట్లో, వానలో బస్తాలు మోసింది భూమి లేనివాడు. ఆ లేనివాడి గుడిసె చాలాసార్లు గట్టు బయట లంకలోనో, గట్టు వాలులోనో ఉండేది. గట్టు నిలిచినా అతని ఇల్లు మునిగేది. ఉమ్మడి బాధ్యత పేరుతో బరువంతా బలహీనుడి మీద పడటం డెల్టా చరిత్రలో పదే పదే కనిపిస్తుంది.

గట్టు మీద ఉమ్మడి బాధ్యత గోదావరికే పరిమితం కాదు. నెదర్లాండ్స్‌లో 13వ శతాబ్దం నుంచే నీటి మండళ్ళు పనిచేస్తున్నాయి. అక్కడ భూమి ఉన్న ప్రతివాడికీ గట్టులో ఒక భాగం బాగోగులు అప్పగించేవారు. బాధ్యతను భూమికి ముడిపెట్టడం ఆ పద్ధతి ప్రత్యేకత. మద్రాసు చట్టం దాన్ని ఒంటి కష్టానికి ముడిపెట్టింది.

1953 నుంచి 1986 దాకా

1953 ఫిబ్రవరిలో ఉత్తర సముద్రం పొంగి నెదర్లాండ్స్‌లో 1,836 మంది చనిపోయారు. అదే ఏడాది ఆగస్టులో గోదావరికి పెను వరద వచ్చింది. నెదర్లాండ్స్‌లో డెల్టా పథకం మొదలైంది. ఇక్కడ 1954లో కేంద్రం జాతీయ వరద నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించింది. పాత ఆనకట్ట వయసు మీదపడటంతో దాని ఎగువన 175 గేట్లతో కొత్త బ్యారేజి కట్టారు. 1982 నాటికి పూర్తయిన దానికి కాటన్ పేరే పెట్టారు.

నాలుగేళ్ళకే దానికి పరీక్ష ఎదురైంది. 1986 ఆగస్టు 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. చాలాచోట్ల గట్లు తెగాయి. లంకలు, కోనసీమ ఊళ్ళు, యానాం మునిగాయి. గట్ల ఎత్తూ వెడల్పూ ఎంత ఉండాలన్న చర్చకు ఆ తర్వాత 1986 వరదే కొలమానమైంది. అయినా 2006 ఆగస్టులో కోనసీమలో మళ్ళీ గండ్లు పడ్డాయి. వరద వచ్చిన ఏడాది మంజూరైన పనులు నాలుగైదు వానాకాలాలు గడిచేసరికి నెమ్మదించడం, గట్ల మీద ఆక్రమణలు, ఇసుక బళ్ళ రాకపోకలు పెరగడం ప్రతి వరద తర్వాతా బయటపడే సంగతే.

వరద సమాచారం మాత్రం బాగా మెరుగుపడింది. భద్రాచలం దగ్గర 43, 48, 53 అడుగుల వద్ద మూడు హెచ్చరికలు ఇస్తారు. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. భద్రాచలంలో పెరిగిన నీరు కిందికి చేరేలోపు డెల్టాకు కొంత వ్యవధి దొరుకుతుంది. లంకల్లోంచి పశువుల్ని, ముసలివాళ్ళని, గర్భిణుల్ని గట్టు దాటించడానికి ఉన్న సమయం అదే. ఇల్లు విడిచి రానన్నవాణ్ణి ఒప్పించడం, పడవ సిద్ధంగా ఉంచడం నేటికీ ఊరివాళ్ళ పనే.

మురుగు, కొల్లేరు, సొంత తప్పులు

డెల్టా మునిగేది గోదావరి పొంగితేనే కాదు. వాననీరు బయటికి పోకపోయినా మునుగుతుంది. 1960లలో వరుస ముంపుల తర్వాత మిత్ర కమిటీ కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు సమస్యను పరిశీలించింది. ఆ పనుల ఖర్చు కోసం 1968లో డ్రైనేజి సెస్ చట్టం వచ్చింది. సాగునీటి వల్ల లాభపడినవారే మురుగు బాగుకూ పైకం కట్టాలన్నది దాని ఉద్దేశం. పైకం వసూలు చేయడం కన్నా మురుగు కాలువలను ఖాళీగా ఉంచడం కష్టమైంది. గుర్రపుడెక్క, పూడిక, చేపల చెరువుల గట్లు వాటి దారిని మూసేశాయి.

కొల్లేరు ఇందుకు పెద్ద ఉదాహరణ. తమ్మిలేరు, బుడమేరు వంటి ఏరుల నీటిని పట్టి ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పంపే సరస్సు అది. చేపల చెరువులు దాని కడుపును ఆక్రమించాయి. 1999లో ఐదో కాంటూరు (ఎత్తు గీత) దాకా అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చెరువుల గట్లను ధ్వంసం చేశారు. సరస్సులో చెరువు తవ్వినవాడి లాభం పై ఊళ్ళ ముంపుగా మారిందని తేలింది. వాటిని కొట్టేసినప్పుడు పెద్ద పెట్టుబడిదార్లతో పాటు చెరువుల మీద కూలి చేసుకునే వడ్డెలూ దెబ్బతిన్నారు. తప్పును సరిదిద్దే భారం మళ్ళీ కిందివాళ్ళ మీదే ఎక్కువ పడింది.

1996

1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణాన తుపాను తీరం దాటింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. వారిలో వేటకు వెళ్ళిన మత్స్యకారులు చాలామంది. భైరవపాలెం, బలుసుతిప్ప వంటి ఊళ్ళు ఎక్కువ నష్టపోయాయి. కోనసీమలో లక్షల కొబ్బరిచెట్లు కూలాయి.

ఈసారి పరిశీలన రెండు విషయాల మీద సాగింది. మొదటిది సమాచారం. వేటలో ఉన్నవారికి హెచ్చరిక సకాలంలో చేరలేదు. తర్వాతి ఏడాది ప్రపంచ బ్యాంకు రుణంతో మొదలైన పథకం కింద మురుగు కాలువలు, రోడ్లు, షెల్టర్లు బాగుచేశారు, హెచ్చరికల వ్యవస్థను పటిష్ఠం చేశారు. రెండోది మడ అడవులు. అవి దట్టంగా ఉన్నచోట ఉప్పెన ఉధృతి తగ్గిందని తీర గ్రామాలవాళ్ళు గమనించారు. 1978 నుంచి అభయారణ్యంగా ఉన్న కోరంగిలో వంటచెరకుకూ పశుగ్రాసానికీ మడచెట్లు నరకడం మామూలు. 1990ల చివర అటవీశాఖ, ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ గ్రామ కమిటీలతో కలిసి పాడైన మడ నేలల్లో కాలువలు తవ్వి, మొక్కలు నాటించాయి. 1789లోనూ 1839లోనూ ఉప్పెన చూసిన తీరం తన రక్షణకు అడవిని పెంచుకోవడం అలా ఒక క్రమబద్ధమైన పని అయింది.

శివారు రైతు, కౌలు రైతు, నిర్వాసితుడు

1997లో రాష్ట్రం నీటి సంఘాల చట్టం తెచ్చింది. కాలువ నిర్వహణను రైతులు ఎన్నుకున్న సంఘాలకు అప్పగించింది. నీరు తక్కువైన ఏళ్ళలో దాళ్వాకు (రెండో పంటకు) వంతులవారీగా నీరిచ్చే పద్ధతిలో ఈ సంఘాలకు పని పడింది. పై రైతు తన వంతు దాటాక తూము మూస్తేనే శివారు చేను పండుతుంది. సంఘం బలంగా ఉన్నచోట వంతు నిలిచింది. లేనిచోట రాత్రిపూట తూములు తెరుచుకున్నాయి.

2011 సార్వాలో (తొలి పంటకాలంలో) కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. గిట్టని ధర, పెరిగిన ఖర్చు, తీరని మురుగు సమస్య వారి ఫిర్యాదులు. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. రైతు కోపం న్యాయమైనదే. కాని పొలం బీడు పెడితే నాట్లకూ కోతలకూ వెళ్ళే కూలీల పని కూడా ఆగిపోతుంది. కౌలు రైతుది మరో చిక్కు. తుపానుకు పంట పోయేది అతనిది. పరిహారం మాత్రం తరచు పట్టా ఉన్నవారి ఖాతాకు వెళ్ళేది. 2011లో రుణ అర్హత కార్డుల చట్టం, 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం ఆ లోపాన్ని సరిచేయడానికి వచ్చినవే. భూయజమాని ఒప్పుకుంటేనే కార్డు చేతికి రావడం 2019 చట్టానికి పరిమితి అయింది.

డెల్టా బాధ్యత ధవళేశ్వరంతో ఆగదు. ఎగువన కడుతున్న పోలవరం ప్రాజెక్టు వల్ల డెల్టా సాగుకు భరోసా పెరుగుతుంది. మునిగేవి కొండరెడ్లు, కోయలు ఉండే ఏజెన్సీ గ్రామాలు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీరు 71.3 అడుగులకు చేరినప్పుడు దేవీపట్నం, కూనవరం, వరరామచంద్రాపురం మండలాల ఊళ్ళు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. పునరావాసం పూర్తికాకముందే ముంపు వచ్చింది.

రెండు శతాబ్దాల ఈ చరిత్రలో స్పష్టంగా తేలే సంగతి ఒకటుంది. డెల్టా తన తప్పులను ఒప్పుకున్న ప్రతిసారీ ఏదో ఒక మేలు జరిగింది: 1844 నివేదిక తర్వాత ఆనకట్ట, 1986 తర్వాత గట్లు, 1996 తర్వాత మడ అడవులు. ఒప్పుకోలు కాగితం మీదే ఆగిన చోట అదే విపత్తు తిరిగి వచ్చింది. బాధ్యతను పంచుకున్న తీరులో మాత్రం ఇంకా లోటుంది. గట్టు నిలిచిందని చెప్పుకునే ముందు లంకలోని గుడిసెను, శివారు చేనును, ఏజెన్సీలోని నిర్వాసితుల కాలనీని కూడా లెక్కలోకి తీసుకోవాలి. వాటిని వదిలేసిన లెక్క అసంపూర్ణం.